అద్దంలో వేలు

"వినిపించలేదా, వినిపించుకోలేదా? ముందు అది చెప్పు నాన్నా."

అక్క గుమ్మంలోనే నిలబడి అడుగుతోంది. చెప్పులు విడవలేదు, కూర్చోలేదు. చంకలో పసివాడు నిన్నటి ఏడుపు సంగతి ఎప్పుడో మరిచిపోయి, ఆమె మెడలోని గొలుసు నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. తన మూలంగా ఇంట్లో ఇంత రాద్ధాంతం జరుగుతోందని వాడికేం తెలుసు?

బాబాయి సోఫాలో కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నాడు.

నిన్న మధ్యాహ్నం అక్క పిల్లవాణ్ణి పుట్టింట్లో వదిలి పనికి వెళ్లింది. పిన్ని కాసేపట్లో వస్తానని బజారుకు వెళ్లింది. పడకగదిలో నిద్ర లేచిన పసివాడు గుక్కపట్టి ఏడ్చాడు. అక్క తిరిగి వచ్చేసరికి వాడి గొంతు బొంగురుపోయింది, ముఖం కందగడ్డలా ఉంది. వాడి తాత, అంటే బాబాయి, హాల్లో కాలు మీద కాలు వేసుకుని తీరిగ్గా పేపరు తిప్పుతున్నాడు. మెట్ల దగ్గరికి వినిపించిన ఏడుపు పక్కగదిలో ఉన్న మనిషికి వినిపించలేదంటే ఎవరు నమ్ముతారు?

నమ్మకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ కారణం వంటింటి గుమ్మానికి ఆనుకుని, చల్లారిన టీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది.

ఇంట్లో అందరూ ఆమెను డాక్టరమ్మ అంటారు. జ్వరానికి మందిచ్చే డాక్టరు కాదు. పిహెచ్‌డి చేతికి రాకముందే బాబాయి ముచ్చటపడి తగిలించిన బిరుదు అది. విశ్వవిద్యాలయం సొంత దేశంలో, పరిశోధన పరాయి దేశంలో, మకాం పిన్ని ఇంట్లో. పెద్ద పెద్ద లాండ్రీల్లో యంత్రాల రొద మధ్య ఏళ్ల తరబడి పనిచేసేవాళ్ల చెవులు ఏమవుతాయన్నది ఆమె పరిశోధన. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు ఉతికే లాండ్రీ ఒకదానిలో బాబాయి ఇస్త్రీ యంత్రం దగ్గర మేస్త్రీ. ఆయనే మేనేజరును బతిమాలి ఆమెకు లోపలికి దారి చేశాడు. అక్కడ ఆమె అందరి చెవులూ పరీక్షించింది. బాబాయివి కూడా.

"పరీక్ష చేసింది నువ్వే కదే?" అక్క ఆమె వైపు తిరిగింది. "నాన్న చెవులు పాతికేళ్ల కుర్రాడి చెవుల్లా ఉన్నాయన్నావా, లేదా?"

"అన్నాను" అంది డాక్టరమ్మ. ఆ మాట అన్నరోజు ఇంట్లో అందరూ ఎంత నవ్వుకున్నారు!

"విన్నావుగా అమ్మా? చెవులు భేషుగ్గా ఉన్నాయి. ఉండీ, పిల్లాడు అలా వెక్కుతుంటే లేవలేదు. నిన్నటి నుంచి అడుగుతున్నాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని."

"నోరు ముయ్యవే!" పిన్ని అంత గట్టిగా అరవడం డాక్టరమ్మ ఈ ఇంటికి వచ్చాక వినలేదు. పసివాడు గొలుసు వదిలి అమ్మమ్మ వంక బిత్తరపోయి చూశాడు.

పిన్ని వెంటనే సర్దుకుని భర్త వైపు తిరిగింది. "అడుగుతోంది కదా, ఏదో ఒకటి చెప్పండి" అంటూ చేతులు తిప్పింది. పిన్నికి మాట్లాడేటప్పుడు చేతులు ఊరుకోవు. చేతులు కట్టేస్తే ఆవిడకు మాట పెగలదని ఇంట్లో పాత జోకు.

బాబాయి ఆ చేతులు చూసి తలెత్తాడు. "వినిపించింది" అన్నాడు. "కాసేపు ఏడ్చి వాడే పడుకుంటాడులే అనుకున్నాను."

అక్క పసివాణ్ణి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. వాదనకు దిగుతాడనుకుంది, కాదంటాడనుకుంది. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు.

"సరే" అంది చివరికి. "వీడికి వేరే చోటు చూసుకుంటాను. సాయంత్రం వచ్చి ఉయ్యాల, బట్టలు పట్టుకెళ్తాను." మెట్లు దిగుతుంటే ఆమె చెప్పుల చప్పుడు కింద దాకా వినిపించింది.

బాబాయి అన్నం డబ్బా చేతపట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. వంటింట్లో పిన్ని కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతోంది.

"పిన్నీ, బాబాయి అలాంటి మనిషి కాదు."

"తెలుసు."

"మరి ఎందుకలా అన్నాడు?"

"నువ్వు ఆ పరీక్ష చెయ్యకుండా ఉంటే బాగుండేదే."

"అదేమిటి పిన్నీ, ఫలితం మంచిగానే వచ్చిందిగా?"

"అందుకే అంటున్నాను" అని పిన్ని కుళాయి ఇంకా పెద్దగా తిప్పింది. ఆ నీళ్ల చప్పుడులో ఇక మాట్లాడే వీల్లేకపోయింది.

*

లాండ్రీకి వెళ్లే దారిలోనే గైడుగారి ఫోను వచ్చింది. ఎప్పుడూ విసుక్కునే మనిషి ఇవాళ తేనెలో ముంచినట్టు మాట్లాడాడు.

"అద్భుతంగా ఉన్నాయమ్మా నీ అంకెలు. ఇంత రొదలో ఇన్నేళ్లు పనిచేసినా చెవులు చెక్కుచెదరలేదంటే మామూలు విషయం కాదు. ఇంతవరకు వచ్చిన పరిశోధనలన్నిటికీ ఎదురు వెళ్తోంది నీది."

"అదే నాకు భయంగా ఉంది సార్."

"భయమెందుకు? పరీక్షలు పద్ధతి ప్రకారమే చేశావు కదా?"

"చేశాను సార్" అంది. సంతోషించాల్సిన రోజు. కాలు ఒకచోట నిలవడం లేదు, మనసు అంతకన్నా నిలవడం లేదు.

మేనేజరు ఆమె కోసమే కాచుకుని ఉన్నాడు. పొడుగ్గా, నెత్తిన టోపీతో, ఎప్పుడూ నవ్వు పులుముకుని ఉండే మనిషి. "మీ మేలు మరవలేమమ్మా! రేపు పైకప్పు పని మొదలవుతోంది. ఈ ఎర్ర దీపాలు ఉంచాలా తియ్యాలా అని తర్జనభర్జన పడుతున్నాం. అందరికీ చెవులు బాగున్నాయని మీరే తేల్చేశారు. ఇక గంట ఒక్కటీ చాలు."

డాక్టరమ్మ తలెత్తి చూసింది. హాలు పొడుగునా ప్రతి ఇస్త్రీ యంత్రం మీదా ఒక ఎర్ర దీపం. ఒక చివర నిలబడ్డ ఆడపిల్లలు తడి దుప్పటి అంచులు పట్టుకుని వేడి రోలరు కిందికి అందిస్తారు. రెండో చివర మీట దగ్గర మేస్త్రీ ఉంటాడు. ఎవరి చేయి ఇరుక్కున్నా, ఎవరికి ఏమైనా, పక్కనున్న తాడు లాగితే గంట మోగుతుంది, దీపం వెలుగుతుంది, మేస్త్రీ మీట దించేస్తాడు.

"రేపే తీసేస్తారా?"

"పొద్దున్నే" అన్నాడు మేనేజరు హుషారుగా.

తన సామాను సర్దుకుందామని విశ్రాంతి గదికి వెళ్లింది. పరీక్షలన్నీ ఈ గదిలోనే చేసింది. వెనక బల్ల మీద చెవుల పరీక్ష యంత్రం, దాని ముందు తను. అవతల, తనకు వీపు పెట్టి కూర్చునేందుకు ఒక కుర్చీ. హెడ్‌ఫోన్లలో స్వరం వినిపించినప్పుడల్లా, అంటే తను మీట నొక్కినప్పుడల్లా, కుర్చీలోని మనిషి చెయ్యెత్తాలి. పరీక్షించేవాళ్ల చేయి కంటపడకూడదన్నది మొట్టమొదటి పాఠం. అందుకే కుర్చీని అటు తిప్పించింది.

కాళ్లు పీకుతుంటే ఆ కుర్చీలోనే కూలబడింది. ఇన్నాళ్లలో ఒక్కసారైనా తను అందులో కూర్చోలేదు.

ఎదురుగా గోడకు మందుల బీరువా. దానికి అద్దం తలుపు. ఆ అద్దంలో బల్ల కనిపించింది, బల్ల మీద యంత్రం కనిపించింది. ఎవరో వచ్చి బల్ల మీద నీళ్ల గ్లాసు పెట్టారు. ఆ చెయ్యి గోళ్లతో సహా స్పష్టంగా కనిపించింది.

వెనక్కి తిరగాలంటే డాక్టరమ్మకు ధైర్యం చాలలేదు. అద్దంలోకి చూస్తూనే అడిగింది. "మీ అందరికీ తెలుసు కదూ?"

గ్లాసు పెట్టినావిడ మడతల బల్ల దగ్గర పెద్దావిడ. ఎక్కడెక్కడి భాషలవాళ్లో పనిచేసే ఆ హాల్లో అందరికీ తల్లిలాంటిది. దాచడానికి ఆవిడ ప్రయత్నించలేదు.

"మీట నొక్కబోయే ముందు నీ చూపుడువేలు కొంచెం పైకి లేస్తుంది తల్లీ. ఆ రొదలో నోరు పనికిరాదు, మేం చేతులు చూసుకునే పని చేసుకుంటాం. నీ వేలు పట్టుకోవడం మాకో లెక్కా?"

"ఎందుకు చేశారు ఇలా?"

"నువ్వు మేనేజరు తరఫు మనిషివనుకున్నాం. చెవులు పోయాయని తేలితే యంత్రం మీద నుంచి దించేస్తారు. దించాక ఎవరు ఉంచుకుంటారు?"

"నేనెవరో మా బాబాయి చెప్పలేదా?"

పెద్దావిడ కాస్త ఇబ్బందిగా చూసింది. "మొదట కూర్చున్నది ఆయనే కదా. అద్దంలోకి ఎలా చూడాలో, వెంటనే కాకుండా ఒక్క క్షణం ఆగి చెయ్యెత్తాలని, మాకు చెప్పిందీ ఆయనే."

దారి చూపించింది ఆయన, ఆ దారికి అడ్డంగా గొయ్యి తవ్విందీ ఆయనే. ఈలోగా పెద్దావిడ గభాలున రెండు వేళ్లు నుదుటికి ఆనించి, బయటికి జారుకుంది. గుమ్మంలో టోపీ కనిపించింది. మేనేజరు వస్తున్నాడు, జాగ్రత్త అని ఆ సైగకు అర్థం.

ఆ సైగ ఎక్కడో చూశాననిపించింది డాక్టరమ్మకు. పొద్దున్నే చూసింది. అక్క మెట్లెక్కి వస్తున్నప్పుడు పిన్ని వంటింట్లోంచి బాబాయి వైపు చూసి, నుదుటి మీద జుట్టు సవరించుకున్నట్టు రెండు వేళ్లు ఆనించింది.

*

డ్యూటీ దిగాక బస్టాపు దాకా ఇద్దరూ కలిసి నడవడం అలవాటు. ఇవాళ డాక్టరమ్మ రెండు అడుగులు ముందుకు వేసి ఆయనకు ఎదురుగా నిలబడింది. ఆయన చూపు తన పెదవుల మీద వాలడం మొదటిసారి గమనించింది. ఇన్నాళ్లూ తన మాటలంటే అంత శ్రద్ధ అనుకుని మురిసిపోయింది, పిచ్చిది.

"బాబాయ్, ఆ కుర్చీలో కూర్చున్నాను."

ఆయన డబ్బా ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఎందుకు చేశావు? నా మీద కోపమా?"

"కోపమెందుకే? ఏ లాండ్రీవాళ్లూ రానివ్వడం లేదని మీ పిన్ని ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చావు. చూడలేక తీసుకెళ్లాను. తీసుకెళ్లాక వాళ్ల పొట్ట కొట్టలేకపోయాను."

"నా చదువు కొట్టడానికి మాత్రం చేతులొచ్చాయా?"

"నీ చదువుకేం నష్టం? చెవులు బాగున్నాయని రాసుకో. బాగాలేవని రాస్తేనే పట్టా ఇస్తారా?"

నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. "దొంగ లెక్క అది! ఎవరి పేరూ బయటపెట్టనని మాటిచ్చాను కదా బాబాయ్. ఎవరో ఒకరు ఒక్క మాట చెప్పి ఉంటే..."

"పేరు లేకపోతే మాత్రం? ఆ హాల్లో ఉన్నదే మేం. సగంమందికి చెవులు పోయాయని నువ్వు రాస్తే, ఎవరికి పోయాయో మేనేజరు పట్టుకోలేడా?"

ఆయన మాట కాదనడానికి వీల్లేదు. అదే ఆమె ఒళ్లు మండించింది. "రేపు దీపాలు తీసేస్తున్నారు. తెలుసా?"

"ఏ దీపాలు?"

"యంత్రాల మీద ఎర్ర దీపాలు. నా అంకెలు చూసే తీసేస్తున్నారు. గంట ఒక్కటీ చాలట."

బాబాయి డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. బస్సు వచ్చింది, మనుషులు ఎక్కారు, వెళ్లిపోయింది. ఆయన కదల్లేదు.

"లావు గొంతులు వినబడతాయే నాకు" అన్నాడు. "మేనేజరుది వినబడుతుంది. లారీ హారను వినబడుతుంది. సన్నవి మాత్రం పోయాయి. ఆ గంట సన్నది. అది విని ఎన్నాళ్లయిందో. దీపం చూసే ఆపుతున్నాను."

"మరి అవతలి చివర ఉన్న పిల్ల చెయ్యి..."

"తెలుసే!" అని కసిరాడు. వెంటనే గొంతు తగ్గించాడు. "తెలుసు."

"అయితే అందరికీ మళ్లీ పరీక్ష చేస్తాను. అద్దానికి గుడ్డ కట్టి. ముందు నీతో మొదలుపెడతాను, ఇంట్లోనే. అక్కకు కూడా నిజం తెలుస్తుంది."

"అమ్మడికి చెప్పకు" అన్నాడు గబుక్కున. "నిర్లక్ష్యం చేశాననే అనుకోనీ."

"ఎందుకు? చెయ్యని తప్పు నెత్తిన వేసుకోవడమెందుకు?"

"నిర్లక్ష్యమైతే నాలుగు రోజులు తిట్టి మళ్లీ తెస్తుంది వాణ్ణి. చెవులే లేవని తెలిస్తే ఇంకెప్పుడూ నా దగ్గర వదలదు. నువ్వైతే వదులుతావా?"

డాక్టరమ్మ తల తిప్పి బస్సు వచ్చే దారి వైపు చూసింది.

*

ఇంట్లో పిన్ని ఉయ్యాల విప్పి, మడిచి, తాడు కట్టి గోడకు ఆనించింది. పసివాడి బట్టలు చిన్న సంచిలో సర్దుతోంది. డాక్టరమ్మ చేతిలో పరీక్ష యంత్రం చూడగానే ఆవిడ ముఖం మారిపోయింది.

"దాన్నెందుకు ఇంటికి తెచ్చావు? చేసింది చాల్లేదా?"

"నీకు ఎప్పటి నుంచి తెలుసు పిన్నీ?"

"ఏమిటి తెలిసేది?"

డాక్టరమ్మ రెండు వేళ్లు నుదుటికి ఆనించింది. పిన్ని చేతిలోని చిన్న చొక్కా కిందికి జారింది.

"నేనూ ఆ హాల్లో పని చేసినదాన్నేనే" అంది పిన్ని, చొక్కా తీసి మళ్లీ మడుస్తూ. "వంటింట్లోంచి పిలిస్తే పలకడం మానేశాడు. మొదట పొగరనుకున్నాను, నెలల తరబడి మాటలు మానేశాను. తర్వాత తెలిసింది. అప్పటి నుంచి కాలింగ్ బెల్ మోగినా, పాలు పొంగినా, కూతురు అలిగినా నా చేతులే చెబుతున్నాయి. నిన్న ఆ చేతులు పట్టుకుని బజారుకు పోయాను. తప్పు నాది. తిట్లు ఆయనకు." అంటూనే ఏడ్చేసింది.

"చెప్పెయ్యకూడదా పిన్నీ అక్కకు?"

"చెప్పొద్దన్నాడు. చెబితే నా మీద ఒట్టు అన్నాడు."

బాబాయి ముఖం కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు. వాళ్లేం మాట్లాడుకున్నారో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. తనే కుర్చీ లాక్కుని, గోడకు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

"కానియ్యి" అన్నాడు. "అమ్మడు వచ్చేలోపు అయిపోవాలి."

"నిజంగా చెయ్యమంటావా బాబాయ్?"

"ఆ గంట వినబడుతుందా లేదా అని ఇన్నాళ్లూ నన్ను నేనే మభ్యపెట్టుకున్నాను. ఎంత మిగిలిందో నాకూ తెలియాలి. రేపు దీపాలు తీసే లోపల తెలియాలి."

గోడ మీది ఫొటోను పిన్ని అద్దం కనబడకుండా గోడవైపు తిప్పింది. టీవీ మీద దుప్పటి కప్పింది. కిటికీ తెర లాగింది. డాక్టరమ్మ హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు సర్దింది. ఆ చెవుల మీద తెల్లవెంట్రుకలు మొలిచాయి. చిన్నప్పుడు ఈయన భుజాల మీద ఎక్కి ఈ చెవులే పట్టుకుని ఊరేగింది తను.

ముందుకు వంగి, ఆయన తన పెదవులు చూసేలా చెప్పింది. "వినిపించగానే చెయ్యెత్తు బాబాయ్. ఊహించి ఎత్తకు."

"ఊహించనులే" అన్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు, బడిలో మొదటిరోజు పిల్లవాడిలా.

ఆమె వెనక్కి వచ్చి సన్నటి స్వరంతో మొదలుపెట్టింది. ఆ గంట అంత సన్నది. మీట నొక్కింది. ఆయన చేతులు కదల్లేదు. ఒక మెట్టు పెంచింది. కదల్లేదు. ఇంకో మెట్టు పెంచింది.

తలుపు తెరుచుకుంది. చంకలో పిల్లవాడితో అక్క లోపలికి వచ్చింది. "ఉయ్యాల ఎక్కడ..." అని, గోడవైపు తిరిగి కూర్చున్న తండ్రిని చూసి ఆగిపోయింది.

అలవాటు చొప్పున పిన్ని రెండు వేళ్లు నుదుటికి ఆనించింది. బాబాయి గోడనే చూస్తున్నాడు.

డాక్టరమ్మ ఆపలేదు. ఆపితే మళ్లీ మొదలుపెట్టే ధైర్యం రాదని ఆమెకు తెలుసు. పెంచింది. ఇంకా పెంచింది. యంత్రం ఇంక పెరగనంది. కీచుమనే ఆ స్వరం హెడ్‌ఫోన్లలోంచి పొంగి గదిలోకి వచ్చేసింది. పిన్నికి వినిపించింది. గుమ్మంలో అక్కకు వినిపించింది. ఆమె చంకలోని పసివాడు ఆ చప్పుడు ఎక్కడి నుంచా అని మెడ తిప్పి తాత వైపు చూశాడు.

అక్క చేతిలోని సంచి మెల్లగా నేల మీదికి జారింది.

బాబాయి చేతులు మోకాళ్ల మీద అలాగే ఉన్నాయి. కాసేపు ఎదురుచూసి, గోడవైపు చూస్తూనే ఆయన అన్నాడు.

"ఏమే డాక్టరమ్మా, ఇంకా ఎంతసేపు? మొదలుపెట్టు, అమ్మడు వచ్చేస్తుంది."